ధనిష్ఠలో దిగిపోయిన కండక్టరు

నేను ఒక ఊపిరి యంత్రాన్ని. మీరంతా వెంటిలేటర్ అంటారు. వెంటనే పోవలసినవాళ్ళను లేటుగా పంపుతాను కనుక ఆ పేరు నాకు బాగానే అతికింది. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను చేసినాయన లోపల మోటారు, ముందు తెర, వీపున ఒక స్విచ్చి పెట్టాడు. ఆ స్విచ్చికి చిన్న మూత బిగించి, దాన్ని ఆప్యాయంగా తట్టి మరీ పెట్టెలోకి ఎక్కించాడు. ఎందుకు తట్టాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కాకినాడలో ఒక పెద్ద ఆస్పత్రికి చేరాను. నన్ను నిలబెట్టిన గది పేరు ఐసీయూ. అంటే 'నేను నిన్ను చూస్తున్నాను' అని అర్థమట. అబద్ధం. అక్కడ రోగిని చూసేవాళ్ళు తక్కువ, నా తెర మీది అంకెల్ని చూసేవాళ్ళు ఎక్కువ. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. పాము కరిచిన ఒక కూలీకి ఊపిరి ఊదితే, లేచి కూర్చుని టీ అడిగాడు. అలాంటివాళ్ళకు నేను ప్రాణదాతను. గడప దాటడానికి కాలెత్తినవాళ్ళకు మాత్రం, చొక్కా పట్టుకుని వెనక్కి లాగే జీతగాణ్ణి.

అలా లాగబడ్డవాళ్ళలో వీరభద్రయ్య ఒకడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి, ఇక మందులకు లొంగవు. మాట్లాడే ఓపిక ఉన్నప్పుడే, భార్య సూర్యకాంతం ఎదుట, డాక్టర్ హిమజకు తేల్చి చెప్పేశాడు.

"అమ్మా తల్లీ, ఆ గొట్టం మాత్రం పెట్టకండి. నా స్టాపు వచ్చేసిందండి. బెల్లు కొట్టాక బండి ఆపాలి. ఆపకపోతే ప్యాసింజర్లు ఎంతలేసి మాటలంటారో నాకు తెలుసు!"

"అలాగే తాతగారూ," అంది హిమజ.

తరవాత ఆయనకు స్పృహ తప్పింది. సరిగ్గా అప్పుడే సూర్యకాంతం తమ్ముడు గంగరాజు పంచాంగం చంకన పెట్టుకుని వచ్చాడు. ధనిష్ఠా పంచకం మొదలైందట. ఆ నక్షత్రాల్లో మనిషి పోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలట. కొడుకు సత్తిబాబు మొన్ననే కొత్త మేడలో పాలు పొంగించాడు.

"మేడమ్, పంచకం దాటేదాకా ఎలాగోలా లాగించండి. ఇప్పుడు పోతే పిల్లల్నేసుకుని ఎక్కడికెళ్తామండి?" అన్నాడు సత్తిబాబు.

"మీ నాన్న వద్దన్నారు కదరా!" అంది సూర్యకాంతం.

"నువ్వూరుకోవే అక్కా, నీకేం తెల్దు," అన్నాడు గంగరాజు.

పెద్ద డాక్టరు పాండురంగారావుగారు హిమజను పక్కకు పిలిచారు. "పెట్టెయ్యమ్మా. పెట్టాక పోతే విధి అంటారు. పెట్టకుండా పోతే అద్దాలు పగలగొడతారు." ఆ మహానుభావుడు చదివిన వైద్యమంతా చివరికి ఆ అద్దాల దగ్గర ఆగింది. అయినా, ధనం మీద నిష్ఠ ఉన్న ఆస్పత్రికి ధనిష్ఠను మించిన నక్షత్రం ఏముంటుంది?

హిమజ ఆయన గొంతులోకి గొట్టం దించింది. నేను ఊదడం మొదలుపెట్టాను. అడక్కుండా ఊదితే ఇంకెక్కడైనా బాకా అంటారు, ఇక్కడ వైద్యం అంటారు.

వీరభద్రయ్యకు తెలివి వచ్చింది. రాగానే గొట్టం పీకబోయాడు. చేతులు రెండూ గాజుగుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. సత్తిబాబు అద్దం అవతల నుంచి నా అంకెలు చూసి, "పర్లేదు మావయ్యా, లాగుతోంది," అన్నాడు, బోరు మోటారు సంగతి చెబుతున్నట్టు.

సూర్యకాంతం లోపలికి వచ్చింది. కట్టేసిన చేతి వేలు కడ్డీ మీద కొట్టుకుంటోంది. టక్. ఆగి, మళ్ళీ టక్.

"వణుకు లెండి," అంది హిమజ.

"వణుకు కాదమ్మా. పెళ్ళైన కొత్తలో ఆయన బస్సులోనే పుట్టింటికెళ్ళేదాన్ని. రెండు బెల్లులైతే పొమ్మని, ఒకటైతే ఆపమని. ఒక్కటే కొడుతున్నారు, వినండి."

హిమజ ఆయన మొహం మీదికి వంగింది. "తాతగారూ, ఇది ఆపితే ఊపిరి ఆగిపోతుంది. తెలిసే అడుగుతున్నారా?"

ఆయన తల ఊపాడు. వేలు మళ్ళీ పడింది. ఒక్కసారే.

ఆమె ముందు చేతుల కట్లు విప్పింది. తరవాత పాండురంగారావు గదికి వెళ్ళి, తలుపు కూడా వెయ్యకుండా మాట్లాడింది. "సార్, ఆయన వద్దన్నప్పుడూ విన్నాను, ఇప్పుడూ విన్నాను. కమిటీని పిలవండి. మనం ఊపిరి పోస్తున్నది మనిషికి కాదు, మేడకి!"

ఇలాంటి నిర్ణయాలకు ఆస్పత్రిలో ఒక కమిటీ ఉంది. అది కూర్చోగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. హిమజ నిలబడింది కాబట్టి కమిటీ కూర్చుంది. గొట్టం తీసెయ్యమంది.

గంగరాజు వరండా అదిరేలా అరిచాడు. సత్తిబాబు తల్లి కాళ్ళమీద పడబోయాడు. "ఇల్లు మూస్తే మూసుకోరా," అంది సూర్యకాంతం. "మీ నాన్న నోరు మూశావు, చాలదా?"

ఆయాసం తెలియకుండా మందు ఇచ్చి, గొట్టం తీశారు. హిమజ నా వీపున మూత ఎత్తి స్విచ్చి నొక్కింది. సూర్యకాంతం దూదితో ఆయన పెదాలు తడిపింది. ఆయన బొంగురు గొంతుతో ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది. "రైట్ రైట్ అంటున్నారమ్మా!"

ధనిష్ఠలోనే దిగిపోయాడు. గంగరాజు అప్పటికే శాంతి చేయించే పురోహితుడికి ఫోను కలిపాడు.

కొత్త యంత్రాలు రావడంతో ఇప్పుడు నేను స్టోరు గదిలో, చక్రాలూడిన కుర్చీల పక్కన దుమ్ము పీలుస్తున్నాను. ఊదమంటే ఇప్పటికీ ఊదగలను. ఆపడం మాత్రం నాకు చేతకాదు. చేతనయ్యే పనే అయితే నన్ను చేసినాయన ఆ స్విచ్చిని లోపలే పెట్టేవాడు. బయట పెట్టాడు, మనిషి చెయ్యి అందేచోట.