యజమాని చేయవలసినవి

“నా సంతకం నాకన్నా నీకే బాగా వస్తుంది” అన్నాడు భర్త, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ.

స్లాబు పోసే రోజు, ఉదయం ఆరున్నర. ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మెచ్చుకోలుగానే అన్నాడని ఆమెకు తెలుసు. పెళ్లయిన ఈ పదిహేడేళ్లలో అతను ఆమెలో మెచ్చుకున్నవి మూడే మూడు. ఆమె కలిపే కాఫీ, ఆమెకు కోపం రాకపోవడం, ఇప్పుడు ఈ సంతకం.

“ఇవాళ పైకప్పు పోస్తున్నారండీ. ఒక్కసారి వచ్చి చూడండి.”

“ఇవాళెలా కుదురుతుంది? మా పైఆఫీసరు వస్తున్నాడు. నువ్వున్నావుగా.”

నువ్వున్నావుగా. ఎనిమిది నెలలుగా ఆ ఇల్లు ఈ ఒక్క మాట మీదే లేస్తోంది. బిల్డరుతో రాసుకున్న ఒప్పందంలో చివరి పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి ఉంటుంది. కుడివైపు ‘బిల్డరు చేయవలసినవి’, ఎడమవైపు ‘యజమాని చేయవలసినవి’. బిల్డరు వైపు పునాది, గోడలు, ఇనుము, పనివాళ్లు. యజమాని వైపు అనుమతులు తేవడం, నీళ్లూ కరెంటూ ఏర్పాటు చేయడం, అడిగిన మూడు రోజుల్లో ఏ రాయో ఏ రంగో తేల్చి చెప్పడం, ప్రతి దశలో పని చూసి సంతకం పెట్టడం. ఎడమవైపున్న ఇరవై రెండు పనుల్లో అతను చేసింది ఒక్కటీ లేదు. స్థలం మాత్రం అతని పేరు మీదే ఉంది. ఒప్పందం రాసుకున్న రోజున కూడా అతను ఊళ్లో లేడు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, “నా బదులు నువ్వు పెట్టెయ్, ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు. ఆమె కాదనలేకపోయింది. మర్నాడు పాత బ్యాంకు ఫారం ఒకటి వెతికి, ముందు పెట్టుకుని, చిత్తు కాగితం మీద ఇరవై సార్లు రాసి నేర్చుకుంది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. అక్కడ ఇంకొకరి సంతకం పెడితే ఆ పూటకే ఉద్యోగం పోతుంది. ఇంట్లో మాత్రం అది కూడా కాఫీ కలపడం లాంటి పనే అయిపోయింది.

ఒకసారి మెట్ల స్లాబు కాగితం మీద తొందరలో చివరి గీత వంచడం మర్చిపోయింది. సంతకం తేడాగా ఉందని ఇంజనీరు ఆఫీసు ఆ కాగితాన్ని వెనక్కి పంపింది. భర్త నవ్వాడు. “జాగ్రత్తగా పెట్టొద్దూ” అన్నాడు.

ఆమె ఫైలు చంకలో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే అత్తగారు లోపల్నుంచి, “పొద్దున్నే బయల్దేరావా, గాలి మారడానికి?” అంది. అత్తగారి లెక్కలో ఇల్లు కడుతున్నది కొడుకు. బంధువులెవరు ఫోన్ చేసినా, “మా వాడు ఒంటిచేత్తో కడుతున్నాడు, పాపం ఎంత చిక్కిపోయాడో” అని చెప్పుకుంటుంది. ఆ మాట అంటున్నప్పుడు ఎదురుగా కూరగాయలు తరుగుతున్న కోడలు, నిజంగానే ఆర్నెల్లలో నాలుగు కిలోలు తగ్గింది. అత్తగారి కళ్లకు అది ఆనలేదు. ఆమెకూ చెప్పాలనిపించలేదు. చెబితే, “నీకేం, ఎండలో తిరిగితే ఒళ్లు తగ్గుతుంది, మంచిదేగా” అంటారు. అనబోయే మాటలన్నీ ముందే వినబడుతుంటే మనిషి ఇంక ఎవరితో మాట్లాడుతుంది?

ఎనిమిదింటికి ఆమె చెక్క నిచ్చెన ఎక్కి పైకి చేరేసరికి ఇనుము కట్టడం అయిపోయింది. పలకల మీద పరిచిన కడ్డీలు ఎండకు మెరుస్తున్నాయి. ఎప్పుడూ పసుపు టోపీ పెట్టుకుని తిరిగే మేస్త్రి ఎదురొచ్చి అట్టకు తగిలించిన కాగితం అందించాడు.

“సార్ సంతకం ఒకటీ పెట్టించేస్తే అయిపోతుందమ్మా. తొమ్మిదిన్నరకల్లా కాంక్రీటు లారీ వచ్చేస్తుంది.”

పెట్టించడం అంటే ఏమిటో అతనికి తెలియదు. ఆమె కాగితం తీసుకుని కారులో ఉన్న సార్ దాకా వెళ్లొస్తుందనీ, ఇంటికెళ్లి రాయించుకొస్తుందనీ అనుకుంటాడు. ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది. ‘యజమాని చూసి సంతకం చేసిన తరువాత, కాంక్రీటుకు ముందు కంటికి కనిపించే లోపాల బాధ్యత యజమానిదే.’ అంటే ఆ సంతకంతో ఈ కప్పు బరువు కుడివైపు నుంచి ఎడమవైపుకు వస్తుంది. ఎనిమిది నెలల్లో ఆ వాక్యాన్ని ఆమె పదకొండుసార్లు చదివింది. భర్త ఒక్కసారి కూడా చదవలేదు.

ఆమె నక్షా విప్పుకుని వరసగా చూసుకుంటూ వెళ్లింది. గదులు బాగున్నాయి. దూలాలు బాగున్నాయి. ముందువైపు బాల్కనీ దగ్గర ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, టేపు దింపింది. మళ్లీ దింపింది. కడ్డీలు అడుగున, పలకలకు దాదాపు ఆనుకుని ఉన్నాయి.

మొదట్లో ఇంజనీరు ఈ బాల్కనీ గురించి చెబుతుంటే భర్త కుర్చీ ఖాళీగా ఉంది. ఇంజనీరు ఆమెనే అడిగాడు. “చెయ్యి బారచాపి బకెట్టు పట్టుకుంటే నొప్పి ఎక్కడ పుడుతుందమ్మా?” “భుజం పైన” అంది ఆమె, ఆలోచించకుండానే. “అంతే. కింద ఆసరా లేకుండా బయటికొచ్చే స్లాబుకి ఇనుము పైన ఉండాలి. కిందుంటే లేనట్టే.” బకెట్లు మోసే మనిషికి ఆ పాఠం రెండోసారి చెప్పక్కర్లేదు.

“మేస్త్రిగారూ, ఇవి కిందకున్నాయి.”

“మనోళ్లు అటూ ఇటూ నడిచారమ్మా, దిగిపోయాయి. పోసేటప్పుడు కొక్కెంతో లాగి ఎత్తేస్తాం. ఎప్పుడూ చేసేదే.”

“లాగాక మళ్లీ దిగవా? కింద కుర్చీలేవి?” కడ్డీలను పైన నిలబెట్టడానికి పెట్టే వంచిన ఇనుప ముక్కల్ని కుర్చీలంటారు. బాల్కనీ మొత్తానికి ఒక్కటీ లేదు.

పనివాడొకడు నవ్వాడు. “మాకే కుర్చీల్లేవు, కడ్డీలకి కావాలంట.”

ఆమెకూ నవ్వొచ్చింది. “ముందు వాటికెయ్యండి, తర్వాత మీకు నేను తెప్పిస్తా.”

మేస్త్రి నవ్వలేదు. పక్కకు వెళ్లి బిల్డరుకు ఫోన్ చేశాడు. బిల్డరు ఆమెతో మాట్లాడలేదు. ఆమె భర్తకు చేశాడు. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది.

“ఏంటి గొడవ?”

“గొడవేం లేదండీ. బాల్కనీ కడ్డీలు తప్పుగా ఉన్నాయి. సరిచేయమన్నాను.”

“వాళ్లు ముప్పై ఇళ్లు కట్టారు. నువ్వెన్ని కట్టావు? లారీ బయల్దేరిందట. వచ్చాక గంటన్నరలో పోయకపోతే అది రాయైపోతుంది. సంతకం పెట్టి డ్యూటీకెళ్లు.”

“రేపు ఇల్లయ్యాక ఆ బాల్కనీ కింద రోజూ సాయంత్రం మీ అమ్మగారే కూర్చుంటారు.”

“నువ్వెప్పుడు ఇంజనీరువయ్యావు?”

ఆమె ఇనుప కడ్డీల మధ్య నిలబడి చుట్టూ చూసింది. పక్క వీధిలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. తొమ్మిదిమంది మగాళ్లు పని ఆపి ఆమె వైపే చూస్తున్నారు. ఇంట్లో ఒంటరితనం ఆమెకు అలవాటే, అది గదుల్లో సర్దుకుపోతుంది. ఇది అలా లేదు. సరైన మాట చెప్పి, ఒక్కరి ముఖంలోనూ దానికి చోటు దొరక్క, ఆ మాటను నోట్లోనే పెట్టుకుని ఎండలో నిలబడటం. ఒక్క సంతకం పెడితే అందరూ మళ్లీ మంచివాళ్లయిపోతారు. మేస్త్రి టీ తెప్పిస్తాడు. భర్త సాయంత్రం ఏమీ అనడు. తరువాత ఏ రోజో అది కూలితే, కింద ఎవరైనా ఉంటే, కాగితం మీద అతని పేరు, దాని వెనక ఆమె చెయ్యి.

“నేను పెట్టనండీ” అంది ఫోన్లో. “యజమాని చూడాలని రాసుంది. మీరొచ్చి చూసి పెట్టుకోండి.”

అవతల ఫోన్ కట్టయింది.

తొమ్మిదిన్నరకు లారీ వచ్చింది. దాని డ్రమ్ము గేటు ముందు గరగరమని తిరుగుతూనే ఉంది. డ్రైవరు తల బయటపెట్టి, “తొందరగా తేల్చండి బాబూ, నా బండిలో గట్టిపడితే సుత్తితో కొట్టాల్సింది నేనే” అని అరిచాడు. దాని వెనకే బిల్డరు కారు, ఇంకో పది నిమిషాలకు భర్త కారు వచ్చి ఆగాయి. భర్త ఇస్త్రీ చొక్కాకు సిమెంటు అంటకుండా జాగ్రత్తగా నిచ్చెనెక్కాడు. ఆమె వైపు చూడలేదు. బాల్కనీ వైపూ చూడలేదు. మేస్త్రి చేతిలోంచి అట్ట లాక్కుని గిలికి ఇచ్చేశాడు.

మేస్త్రి కాగితం వైపు చూశాడు. ఆమె దగ్గరున్న ఫైలు తీసుకుని తెరిచాడు. మళ్లీ కాగితం చూశాడు.

“సార్, ఇది మీ సంతకం కాదు.”

“ఏంటయ్యా?”

“ఫైల్లో ఉన్నట్టు లేదు సార్. కిందటిసారి ఒక గీత తగ్గితేనే వెనక్కొచ్చింది. ఇదైతే అసలు పోలికే లేదు. ఎప్పుడూ పెట్టినట్టు పెట్టండి.”

భర్త ఫైల్లోకి వంగి చూశాడు. ఆమె నేర్చుకున్నది పెళ్లయిన కొత్తల్లో అతను పెట్టే సంతకం. ప్రతి అక్షరం విడిగా, చివర నిదానంగా వంచిన గీతతో ఉండేది. ఆఫీసులో రోజుకు వంద కాగితాలు తోస్తూ తోస్తూ అతనిది ఎప్పుడో ముడివేసిన దారంలా మారిపోయింది. అతను జేబులోంచి ఇంకో కాగితం తీసి, తన పాత సంతకాన్ని తానే చూసి రాయడానికి ప్రయత్నించాడు. రెండుసార్లు రాశాడు. రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను ఆమె వైపు చాపాడు.

“నువ్వే పెట్టెయ్.”

అంతమందీ విన్నారు. బిల్డరు మెల్లగా ఫైలు అందుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కో సంతకం చూస్తూ వెళ్లాడు. అతని పెదాలు కదులుతున్నాయి. ఒప్పందం మీది సంతకం కూడా యజమాని పెట్టింది కాదని అర్థమైన క్షణం ఆమెకు అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. ఈ కాగితాలేవీ నిలబడకపోతే ఇప్పటిదాకా కట్టిన ప్రతి గోడా అతని మెడకే.

“నేను పెడతాను” అంది ఆమె. “కడ్డీలు లేపాక. కుర్చీలు పెట్టాక. నా పేరుతో.”

బిల్డరు ఫైలు మూశాడు. “ఏం చూస్తున్నారు? మేడమ్ చెప్పింది చెయ్యండి. నలుగురు కుర్చీలు వంచండి, మిగతావాళ్లు కడ్డీలు పట్టండి.”

ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. భర్త నీడలో నిలబడి ఫోన్లో పైఆఫీసరుకు క్షమాపణలు చెప్పుకున్నాడు. ఆమె ఒక్కో కడ్డీ దగ్గర టేపు దింపి చూసి, కాగితం మీద ‘కడ్డీలు లేపిన తరువాత చూశాను’ అని రాసి తన సంతకం పెట్టింది. అతనిదైతే కళ్లు మూసుకుని పెట్టగలిగేది. తనది మాత్రం వంకరగా, కొత్తవాళ్ల రాతలా వచ్చింది.

“ఇంత దూరం వచ్చాక ఒక పని చేద్దాం సార్” అన్నాడు బిల్డరు, కాస్త తేరుకుని. “మీ తరఫున అన్నీ మేడమే చూసుకుంటారని ఒక ఉత్తరం రాసిచ్చెయ్యండి. నాకూ ధైర్యంగా ఉంటుంది. మీకూ ఈ తిప్పలుండవు.”

భర్త ముఖం విప్పారింది. “అదీ మాట. నువ్వు రాయి, నేను సంతకం పెడతా” అన్నాడు ఆమెతో. అంతలోనే మెత్తబడ్డాడు కూడా. “నిజంగా ఆ బాల్కనీ సంగతి బాగానే పట్టావోయ్.”

నాలుగో మెచ్చుకోలు. ఆమె దాన్ని ఒక్క క్షణం చేతిలోకి తీసుకుని చూసుకుంది. ఈ ఉత్తరం రాస్తే ఎండలు, నిచ్చెనలు, ఫోన్లు, సగం జీతం కోతలతో పెట్టిన సెలవులు, అన్నీ ఇలాగే ఉంటాయి. రేపట్నుంచి వాటికి ఒక పేరు కూడా వస్తుంది. తరఫున.

“తరఫున వద్దండీ” అంది. “ఇందులో సగం స్థలం నా పేరు మీద రాయించిన రోజున చూస్తాను. అప్పటిదాకా ఎడమవైపున్నవన్నీ మీవే.” చివరి పేజీ పైకి వచ్చేలా మడిచి ఫైలు అతని చేతిలో పెట్టింది. “కాంక్రీటు పోస్తున్నంతసేపూ యజమాని ఇక్కడే ఉండాలని రాసుంది. సాయంత్రం అయిదవుతుంది. నాకు డ్యూటీ టైమైంది.”

“పిచ్చా నీకు? నాకు మీటింగుంది” అంటున్నాడు అతను. ఆమె అప్పటికే నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పైన కాంక్రీటు గొట్టంలోంచి మొదటి ముద్ద ధబ్బున పడింది. ఆ చప్పుడులోనే మేస్త్రి గొంతు వినిపించింది.

“సార్, రేపు ప్లంబరొస్తున్నాడు. కింది బాత్రూములకి పైపులు ఎటునుంచి దింపమంటారు?”

“కింద బాత్రూములా? ఎన్నున్నాయి కింద?”

ఎవరూ నవ్వలేదు. నిచ్చెన మధ్యలో ఆమె ఒక్క క్షణం ఆగింది. రెండు. పైపులు వెనక గోడ వెంట, వంటింటి కిటికీకి జానెడు ఎడంగా దిగాలి. ఆమెకు తెలుసు. చెప్పలేదు.