గంగాలమ్మ చేపల గంప

ఆ ఉదయం గణేష్‌కి ఉద్యోగం మీదే విరక్తి పుట్టింది. రోడ్డు మీది ఆక్రమణలు తీయించే మున్సిపల్ జట్టులో కొత్తగా చేరాడతను. లారీ కంచరపాలెంలో ఆగింది. దిగి చూస్తే, రోడ్డు పక్కన చేపల గంప ముందేసుకుని కూర్చున్నది సాక్షాత్తూ పిల్లనిచ్చిన అత్త గంగాలమ్మ.

"అత్తా, గంప తియ్యాల. ఆర్డరొచ్చింది," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఎవులి ఆర్డరు?"

"గవర్మెంటుది."

"మరి ఈదిలో అమ్ముకునే అక్కు నాకుందని కార్డిచ్చినదెవులు? అదీ గవర్మెంటే గదా అల్లుడూ!"

అయినా ఆవిడ గంపతోపాటు పక్కవాళ్ళ గంపలూ లారీ ఎక్కాయి. మధ్యాహ్నం ఇంటికెళ్తే భార్య ఈశ్వరి ఉత్త చారన్నం పెట్టింది. కూరేదని అడిగితే, "సేపలన్నీ నీ లారీలోనే ఉన్నాయి గదా, ఎల్లి తెచ్చుకో," అంది.

గంగాలమ్మ ఊరుకునే మనిషి కాదు. తోటి చేపలవాళ్ళని వెంటేసుకుని, కోర్టు ఆవరణలో ఉచితంగా న్యాయసాయం చేసే ఆఫీసుకెళ్ళింది. వాళ్ళ గోడు లోక్ అదాలత్ దాకా వచ్చింది. ఆఫీసరు శ్రీనివాసరావు వెంట గణేష్ కూడా వెళ్ళక తప్పలేదు.

"వీళ్ళకి వేరే చోటు చూపించామండీ, రైలు పట్టాల వెనకాల," అన్నాడు శ్రీనివాసరావు. "అమ్ముకోనివ్వమన్నది చట్టమే, నడిచే దారి వదలమన్నదీ చట్టమే. రెండూ పాటించాం."

జడ్జి గౌరీశ్వరి గణేష్ వైపు తిరిగారు. "ఆ చోటు నువ్వు చూశావా?"

గణేష్ ఆఫీసరు వంక చూశాడు. అత్త వంక చూశాడు.

"సూసినానమ్మగోరూ. అక్కడికి పిల్లులొత్తాయి గానీ మనుసులు రారండి."

హాలంతా గొల్లుమంది. శ్రీనివాసరావు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

"కొనేవాళ్ళు రాని చోటు చూపిస్తే చట్టం మాట దక్కుతుందేమో గాని న్యాయం దక్కదండీ," అన్నారు జడ్జి. కాసేపు తర్జనభర్జనలయ్యాక, రైతుబజారు గోడవారన, నడిచేవాళ్ళకి అడ్డం రాకుండా గీత గీసి ఇచ్చేందుకు అందరూ ఒప్పుకున్నారు. గంపలు కూడా తిరిగొచ్చాయి.

గీత గీసే పని గణేష్‌ మీదే పడింది. అతను రంగు పూస్తుంటే గంగాలమ్మ పక్కనే నిలబడి, "ఓ జానెడు రోడ్డేపు జరిపి గియ్యి బాబూ, ఎవులు సూత్తారు?" అని బతిమాలింది.

"అవ్వదత్తా."

ఆవిడ మూతి ముడుచుకుంది.

వారం తిరక్కుండా గణేష్‌కి అత్త దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "వేగిరం రా! నా పక్కన సేపలమ్మే దాలయ్య గంప గీత దాటించీసినాడు. నడిసీవోల్లకి అడ్డం గాదేటి?"

గణేష్ పరిగెత్తుకెళ్ళేసరికి గంగాలమ్మ అప్పటికే దాలయ్య గంపని లోపలికి లాగుతోంది. దాలయ్య లబోదిబోమంటున్నాడు.

"ఈవిడికి ఉద్దోగం ఎప్పుడిచ్చినారు బావా?"

గణేష్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే వంగి, గంప రెండో పక్క పట్టుకున్నాడు.