రెండు లీవర్ల మిషను

పార్కుల ఆఫీసులో గడ్డి కోసే మిషను ఎక్కేవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ తోడల్లుళ్ళు. పెద్దాయన్ని అందరూ గీతల మాస్టారు అనేవాళ్ళు. ఆయన మిషను నడిపి దిగాక మైదానం మీద ఒక చార లేతగా, ఒక చార ముదురుగా, స్కేలు పెట్టి గీసినట్టు బారులు తీరి కనిపించేవి. పిల్లలు ఆ చారల మీద పరుగు పందేలు పెట్టుకునేవాళ్ళు. రెండోవాడు చిన్నోడు. నలభై దాటి, చెవుల పక్క జుట్టు నెరిసినా ఆ పిలుపు అతన్ని వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో ఏ పనిలోనూ కుదురుగా ఉండలేక తిరుగుతున్నవాణ్ణి మాస్టారే తీసుకొచ్చి షెడ్డులో నిలబెట్టాడు. బ్లేడు ఎలా సాన పెట్టాలో, రాళ్ళున్న చోట ఎలా తప్పించాలో, తడి గడ్డి మీద ఎందుకు తొందరపడకూడదో అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. చిన్నోడు ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాడు. సొంత అన్న ఉన్నా అంత చనువు ఉండేది కాదేమో.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా పాత మిషను మూలపడింది. మెకానిక్కు ఇంజను విప్పి చూసి, తల అడ్డంగా ఊపి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. చూస్తూ ఉండగానే గడ్డి మోకాలి దాకా లేచింది. పొద్దున్నే నడకకి వచ్చే పెద్దవాళ్ళు పురుగూ పుట్రా చేరుతోందని గోల పెట్టారు. ఆఫీసరు మేడమ్ ఇద్దర్నీ తన గదికి పిలిచింది.

"జీరో టర్న్ మిషను కొంటున్నాం. నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతుందట. చెట్ల చుట్టూ, బెంచీల చుట్టూ మళ్ళీ చేత్తో కొట్టే పని ఉండదు. రెండు కంపెనీల వాళ్ళు తెచ్చి చూపిస్తారు. ఎక్కేది మీరు కాబట్టి ఏది బాగుందో మీరే చెప్పండి" అంది.

బయటికి వస్తూ మాస్టారు చిన్నోడి వీపు చరిచాడు. "ఇన్నేళ్ళకి మనల్ని ఒక మాట అడిగార్రా. పాత డొక్కుతో నడుములు విరగ్గొట్టుకున్నాం. ఇప్పుడైనా రాజాలా కూర్చుని తిరుగుదాం."

చిన్నోడు నవ్వాడు గానీ ఆ సంబరం అతనికి అంటలేదు. కొన్నాళ్ళుగా ఒక సంగతి గమనిస్తూ, గమనించనట్టు ఉంటున్నాడు. మాస్టారు టీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతున్నాడు. తాళంచెవి తనే తీసి ఇవ్వకుండా జేబు చూపించి తీసుకోమంటున్నాడు. ఒక మధ్యాహ్నం వేడి సైలెన్సరు మీద చెయ్యి ఆనించి కబుర్లు చెబుతూ ఉండిపోయాడు. చర్మం కాలిన కమురు వాసన ముందు చిన్నోడికే తగిలింది. చెయ్యి పట్టుకుని లాగితే మాస్టారు తన వేళ్ళ వంక పరాయి వాళ్ళ వేళ్ళను చూసినట్టు చూసి, "కాస్త తిమ్మిరెక్కిందిలే" అన్నాడు.

ఇంట్లో ఆ మాట కదిపితే చిన్నోడి భార్య గొంతు తగ్గించింది. "బావకి చొక్కా గుండీలు అక్కే పెడుతోంది. నేను కళ్ళారా చూశాను. అడిగితే వయసు అంది. నువ్వు ఎక్కడా నోరు జారకు. ఆ పని లేకపోతే బావ మనిషి కాడు."

మిషన్లను పెద్ద పార్కుకి తెచ్చారు. మధ్యలో కొలను, దాని చుట్టూ ఏటవాలుగా గట్టు ఉన్న పార్కు అది. మొదటి కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కా నలక్కుండా జాగ్రత్తగా ట్రక్కు దిగి, మిషను దించి, చిలక పలుకుల్లా అప్పజెప్పాడు.

"దీనికి స్టీరింగు ఉండదండీ. అన్నీ ఈ రెండు లీవర్లే. రెండూ తోస్తే ముందుకి, రెండూ లాగితే వెనక్కి. ఒకటి తోసి ఒకటి లాగారంటే బొంగరమే. బలం అక్కర్లేదు, వేళ్ళతో చెబితే చాలు వింటుంది."

వెడల్పైన కోత, మెత్తటి సీటు, తిరగబడితే మనిషి నలిగిపోకుండా సీటు వెనక ఇనుప కమ్మీ, బెల్టు. చూడటానికి ముచ్చటగా ఉంది. రెండో కంపెనీ మిషను కాస్త పొట్టిది, నడక నిదానం. దానికి కారుకున్నట్టు స్టీరింగు చక్రం ఉంది. చక్రం తిప్పితే ముందు టైర్లు కూడా తిరుగుతాయి. లీవర్ల మిషనుకి ముందు టైర్లు సామాను తోసే బండి చక్రాల్లాంటివి, ఎటు పడితే అటు దొర్లిపోతాయి. దాని పట్టంతా వెనక టైర్లదే.

చిన్నోడు రెండూ నడిపి చూశాడు. చదును మీద లీవర్లదాన్ని మించింది లేదు. వేలు కదిపితే మిషను కదిలింది, వేలు ఆపితే ఆగింది. దిగుతూ చిన్నోడు మాస్టారి చేతుల వంక చూశాడు. ఆయన అవి జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు.

మాస్టారు లీవర్ల మిషను ఎక్కాడు. చదును మీద అది తూలుతూ పోయింది. వెనక గడ్డి వంకరటింకరగా తెగింది. "కొత్తలో అందరికీ ఇంతేనండీ" అన్నాడు ఇస్త్రీ చొక్కా. మేడమ్ తల ఊపింది. చిన్నోడు "అన్నయ్యా, ఇక చాలు, దిగు" అని కేకేశాడు. మాస్టారు విననట్టు గట్టు వైపు తిప్పాడు. ఏళ్ళ తరబడి తను తప్ప ఎవరూ కొయ్యని గట్టు అది.

సగం దూరం బాగానే పోయింది. అప్పుడు ఆయన కుడి చెయ్యి లీవరు మీదనుంచి జారింది. జారిన సంగతి ఆయనకి తెలియలేదు. వేళ్ళు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని గాలిలో ఉన్నాయి, ఆయన చూపు ముందుకే ఉంది. అది చిన్నోడు ఒక్కడే చూశాడు. కుడి టైరు ఆగింది, ఎడమది తోసింది, మిషను మూతి ఒక్కసారిగా నీళ్ళ వైపు తిరిగి కిందికి జారిపోయింది. చిన్నోడు పరిగెత్తి చేరేలోపు ముందు టైర్లు నీళ్ళలో దిగబడి, వెనక భాగం లేవబోయి, మళ్ళీ బురదలో కూలబడి ఆగింది. ఇంకో బారెడు లోతుకి పోయి ఉంటే, బెల్టు పెట్టుకున్న మనిషి బెల్టుతో సహా అడుగుకి పోయేవాడు.

"తడి గడ్డి" అన్నాడు మాస్టారు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

"అవునండీ, తడి గడ్డి" అన్నాడు ఇస్త్రీ చొక్కా, ఆయన కంటే గాభరాగా.

అందరూ వెళ్ళాక షెడ్డులో మాస్టారు తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. చిన్నోడు ఆయన ముందు గొంతుక్కూర్చుని బూట్లకి పట్టిన బురద గీకాడు. 

"చూశావు కదూ?" అన్నాడు మాస్టారు.

"చూశాను."

"ఎవరికీ చెప్పకు."

"డాక్టరుకి చూపించుకో అన్నయ్యా."

"చూపిస్తే ఏమంటాడో నాకు తెలుసు. ఇంకెన్ని ఏళ్ళు చేస్తాన్రా? ఆ స్టీరింగుదాన్ని ఖాయం చెయ్యి. చక్రమైతే మోచేతులతోనైనా తిప్పేస్తాను. గట్టు మీద అదే మంచిదని చెప్పు. అబద్ధం కూడా కాదు."

నిజమే, అబద్ధం కాదు. చిన్నోడు మేడమ్ దగ్గరికి వెళ్ళి స్టీరింగు మిషనే కావాలన్నాడు. గట్టు గురించి, ముందు టైర్ల పట్టు గురించి తనకి వచ్చినంతలో చెప్పాడు. ఆమె ఓపిగ్గా వింది.

"గట్టు ఉన్నది ఒక్క పార్కులో. మిగతావన్నీ చదునే. ఆ నిదానం మిషనుతో వారానికి సగం పార్కులు కూడా కావు. గట్టు ముక్క చేత్తో కొట్టించండి, లీవర్లదే తీసుకుందాం."

"వద్దు మేడమ్."

"ఎందుకు వద్దు? ఇంకేదైనా కారణం ఉందా?"

చిన్నోడు కిటికీలోంచి బయటికి చూశాడు. వరండాలో మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చదును మీదైనా నడకకి వచ్చేవాళ్ళుంటారు, చారల మీద పరిగెత్తే పిల్లలుంటారు. అడుగున బ్లేళ్ళు తిరుగుతున్న మిషను అది. గాలిలో ముడుచుకున్న ఆ వేళ్ళు అతని కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

"మా అన్నయ్య చేతులకి స్పర్శ లేదు మేడమ్" అన్నాడు. అన్నాక ఆ మాటని వెనక్కి లాక్కుందామనిపించింది. "ఆ స్టీరింగుదైతే ఇబ్బంది లేకుండా నడుపుతాడు. అందుకని."

మేడమ్ ఏమీ కోప్పడలేదు. మాస్టార్ని కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడింది, డాక్టరు దగ్గరికి ఆఫీసు కారులోనే పంపింది. డాక్టరు ఆయన కళ్ళకి గంతలు కట్టి వేళ్ళ మీద సూదితో గుచ్చాడు. రక్తం చుక్క వచ్చింది గానీ మాస్టారు "మొదలుపెట్టండి" అన్నాడు. ఏళ్ళ తరబడి మిషన్ల అదురుకి నరాలు చచ్చిపోయాయని, ఇక తిరిగి రావని, స్టీరింగైనా లీవరైనా అదిరే వస్తువేదీ ముట్టుకోకూడదని డాక్టరు తేల్చాడు.

దాంతో మాస్టారి పని పోయింది. మాస్టారు లేకపోయాక స్టీరింగు మిషను అవసరమూ పోయింది. ఆఫీసు లీవర్లదే కొంది. దాని మీద కూర్చోవడానికి చిన్నోడు తప్ప ఎవరూ మిగల్లేదు.

మర్నాడే వదిన వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి, చెల్లెలి వంక కన్నెత్తి చూడకుండా చిన్నోడితో మాట్లాడింది.

"ఆయన నిన్ను తమ్ముడనుకున్నాడు. నీ కడుపు నింపిన మనిషి కడుపు మీద కొట్టావు."

"వదినా, ఆ రోజు గట్టు మీద నువ్వు లేవు. పోయేవాడే."

"పోతే మా ఇంట్లో ఏడ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఊళ్ళో అందరూ జాలిపడుతున్నారు. గుండీ పెట్టుకోలేని మొగుడని చెప్పుకోవాల్సి వచ్చింది నాకు."

చిన్నోడి భార్య "అక్కా" అంటూ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళ మధ్య ఫోన్లు ఆగిపోయాయి. చిన్నోడి భార్య అతన్ని ఒక్క మాట అనలేదు. అన్నం వడ్డించి అవతలి గదిలోకి వెళ్ళి కూర్చునేది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించేది.

మేడమ్ మాస్టారికి చిన్న పార్కు గేటు దగ్గర కాపలా పని ఇప్పించింది. ఆయన కొన్నాళ్ళు వెళ్ళాడు. నడకకి వచ్చేవాళ్ళు ప్రతి ఒక్కరూ ఆగి, "మాస్టారూ, మిషను ఎక్కట్లేదేం?" అని అడుగుతుంటే సమాధానం చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఒక రోజు కుర్చీ మడిచి గోడకి ఆనించి ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

కొత్త మిషను పని చక్కగా చేసింది. పార్కులన్నీ వేళకి అందుతున్నాయని పైనుంచి మేడమ్‌కి మెప్పు వచ్చింది. చిన్నోడి చేతి కింద చారలు మాస్టారి చారలంత తిన్నగా వచ్చేవి కావు, అయినా ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం దిగేసరికి అతని వేళ్ళలో సన్నగా జిల్లుమనేది. ఇంత పని చేస్తే ఎవరికైనా ఉండేదేలే అనుకుని చేతులు విదిలించుకునేవాడు. ఆ సంగతి భార్యకి చెప్పలేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి మాస్టారి ఇంటికి వెళ్ళాడు. తలుపు మాస్టారే తీశాడు. గడియ మోచేత్తో నెట్టిన చప్పుడు బయటికి వినిపించింది. లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు. చిన్నోడే వెళ్ళి కూర్చున్నాడు.

మాస్టారు అడిగాడు. "గట్టు మీద ఎలా పోతోంది?"

"ఎక్కించట్లేదు అన్నయ్యా. అక్కడ చేత్తోనే కొడుతున్నాం."

"మంచి పని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వదిన వింటోందని ఇద్దరికీ తెలిసింది.

"నాకు నీ మీద కోపం లేదనుకోకు" అన్నాడు మాస్టారు. గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పకపోతే చచ్చేవాణ్ణి. లేదా ఎవరి పిల్లాణ్ణో చంపేవాణ్ణి. అది నాకూ తెలుసు. నువ్వు చెప్పావు కాబట్టి ఇలా ఉన్నాను. పొద్దున లేస్తాను, సాయంత్రం దాకా కూర్చుంటాను. ఇలా ఉండి ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పరా."

చిన్నోడు లేచి టీవీ పెట్టి, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. మాస్టారు అతన్ని తొందరపెట్టలేదు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు చిన్నోడు వెళ్తూనే ఉన్నాడు. కొన్నిసార్లు తలుపు తెరుచుకునేది, కొన్నిసార్లు లోపల మనుషులు ఉండి కూడా తెరుచుకునేది కాదు. తెరుచుకున్న రోజు ఇద్దరూ టీవీ ముందు కూర్చునేవాళ్ళు. మాస్టారు రిమోట్ వైపు గడ్డంతో చూపిస్తే చిన్నోడు ఛానెల్ మార్చేవాడు.