దడికి అటు కుందేళ్ళు, ఇటు సమ్సోను

మా ఆయన జక్రయ్య పోయాక పొదిలి దగ్గరి మా ఊరు వదిలి సత్తెనపల్లి వచ్చాను. ఎనభై అయిదో సంవత్సరం అది. మిరప కళ్ళాల్లో తొడిమలు తీసే పని వెంటనే దొరికింది గాని, ఉండటానికి గది దొరకలేదు. ఒంటరి ఆడమనిషికి ఇస్తామన్నవాళ్ళు కూడా నా వెనక నిలబడ్డ కుక్కను చూసి తలుపు వేసుకున్నారు.

దాని పేరు సమ్సోను. మా ఆయన పెట్టిన పేరు. బైబిలు పేరు కుక్కకేమిటని పాస్టరు గారు కోప్పడితే, "మంచి పేరు పెడితే మంచిగా ఉంటుందని అయ్యగారూ" అన్నాడు. కుక్కను ఎవరికైనా ఇచ్చేసి రమ్మని చాలామంది చెప్పారు. కళ్ళం పని ముగించుకుని మసకచీకట్లో తిరిగి వచ్చేటప్పుడు నా పక్కన నడిచేది అదొక్కటే. ఇవ్వలేకపోయాను.

చివరికి బజారు వెనక సందులో నసీమున్నీసా అక్క ఇంటి ముందు నిలబడ్డాను. ఆమె భర్త లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. కూతురు ఖుర్షిదాను సింగరాయకొండ ఇచ్చాక ఇంట్లో ఆమె ఒక్కతే.

"కరుస్తుందా?" అంది కుక్కను చూసి.

"మనుషుల్ని కరవదక్కా."

"మరి ఎవర్ని కరుస్తుంది?"

అబద్ధం చెప్పలేకపోయాను. పత్తికట్టె పీకే రోజుల్లో చేలల్లోంచి లేచే చెవులపిల్లుల్ని, అంటే అడవి కుందేళ్ళని, మా ఆయన సమ్సోను చేతే పట్టించేవాడు. ఆ మాట చెప్పాను. ఆమె నవ్వి, పక్కకు జరిగి పెరట్లోకి చెయ్యి చూపించింది. అక్కడ ఇనుప వల కొట్టిన చెక్క గూట్లో రెండు పెంపుడు కుందేళ్ళు, ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది, ఆకు నములుతున్నాయి.

"షక్కర్, మిస్రీ. మా ఖుర్షిదావి. అత్తగారింట్లో చోటు లేదని నాకు వదిలి వెళ్ళింది. వీడి పేరేంటి?"

"సమ్సోను."

"మీ బైబిల్లో సమ్సోనుకి బలమంతా జుట్టులోనే ఉంటుందటగా. దీనికి ఈగ వాలటానికి కూడా వెంట్రుక లేదు."

నేను వెనక్కి తిరిగాను. ఆమె పిలిచింది.

"ఎక్కడికి? గది ఇస్తాను. కానీ రెండు మాటలు. కుందేలు మీద దీని పన్ను పడిన రోజు నువ్వుంటావు, కుక్క ఉండదు. రెండోది, ఇది నాకు తగలకూడదు. దీని ఎంగిలి అంటితే నమాజుకు చీర మార్చుకోవాలి."

సమ్సోనును నా గది ముందు పందిరి గుంజకు కట్టేశాను. మర్నాటి నుంచే అది అన్నం ముట్టడం మానేసి, గూటి వైపు మెడ చాచి కదలకుండా చూడటం మొదలుపెట్టింది. చేలో చెవులపిల్లి కనపడినప్పుడు అలాగే చూసేది. మధ్యాహ్నం అన్నానికి వచ్చి దాన్ని కళ్ళానికి వెంట తీసుకుపోయేదాకా, తాడు ఎప్పుడు తెగుతుందోనని నాకు పనిలో చెయ్యి ఆడేది కాదు.

కళ్ళంలో పనిచేసేవాళ్ళకు తోచే ఉపాయమే నాకూ తోచింది. తాలు మిరపకాయలూ తొడిమలూ ఒడినిండా తెచ్చి గూడు చుట్టూ పోశాను. ఆ ఘాటుకి ఏ కుక్క దగ్గరికి పోతుందిలే అనుకున్నాను.

తెల్లారి చూస్తే సమ్సోను మెడతాడు వదులై, తల తప్పించుకుని, సరిగ్గా ఆ తొడిమల మీదే పడుకుని నిద్రపోతోంది. మిరపరాశుల పక్కన పుట్టి పెరిగిన కుక్కకు అది పరుపు. వల అడ్డం ఉండబట్టి బతికాయి గాని, లోపల కుందేళ్ళు రెండూ ఆపకుండా తుమ్ముతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు. పెట్టిన ఆకు పెట్టినట్టే ఉంది.

"ఏమ్మా ప్రేమమ్మా, కుక్క నుంచి కాపాడమంటే నా కుందేళ్ళను పచ్చడి చేస్తావా?" అంది అక్క. అంటూనే గూడు ఇంట్లోకి మోయించింది. నేను తొడిమలన్నీ ఎత్తి నేల కడిగాను. ఆమె తడిగుడ్డతో వాటి కళ్ళు తుడుస్తూ పొద్దెక్కేదాకా కూర్చుంది. సాయంత్రానికి అవి మళ్ళీ ఆకు ముట్టాయి.

ఇక లాభం లేదని పొదిలిలో ఉన్న మా మరిది దానయ్యకు కబురు పెట్టాను, వచ్చి కుక్కను తీసుకుపొమ్మని. కోత పని కాగానే ఒక ఆదివారం వస్తానన్నాడు. ఆ మాట అక్కకు చెప్పాను.

"అక్కడ దాన్నేం చేస్తాడు?"

"వేటకు తిప్పుతాడు."

"మరి నువ్వు చీకట్లో ఎవరితో వస్తావు?"

నేను సమ్సోను తాడు ముడి బిగించాను.

"ఆయన వచ్చేదాకా ఇక్కడేగా ఉండేది. ఈలోపు చూద్దాం" అంది.

ఏం చూస్తుందో నాకర్థం కాలేదు. మరుసటి రోజు గూట్లో పరిచిన పాత గోనెపట్టా తెచ్చి నాకిచ్చింది. "దీన్ని కుక్క అన్నం గిన్నె కింద వెయ్యి. మా అత్త కొత్త మేకను మందలో కలిపేముందు ఇట్టాగే చేసేది. ముందు వాసన కలవాలి, తర్వాతే మొహాలు."

కొన్నాళ్ళకు సమ్సోను ఆ పట్టా మీదే పడుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు గూడును మళ్ళీ పెరట్లోకి తెచ్చి దూరంగా పెట్టాం. తాడు ఎంత దూరం వస్తుందో నేల మీద దాని గోళ్ళ గీతలే చెప్పేవి. నా పని లేని పూట ఆ గీతలకు బాగా అవతల అక్క పీట వేసుకుని, షక్కరును ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను సమ్సోను పక్కన కూర్చునేదాన్ని. అది బిగుసుకుని చూస్తే అక్క లేచి లోపలికి పోయేది. తల తిప్పి నా వైపు చూస్తే నేను రొట్టెముక్క పెట్టేదాన్ని.

"చూపు తిప్పితే కూలి దొరుకుతుందని తెలిసిపోయింది దీనికి" అనేది అక్క. "మా ఆయనకు ఇన్నేళ్ళయినా తెలియలేదు."

కుందేళ్ళ కోసం పెరట్లో ఒక సిమెంటు తూము కూడా దొర్లించి పెట్టింది. రెండు వైపులా తెరిచి ఉండేది. ఒకవైపు భయమేస్తే ఇంకోవైపు పోవాలట. ఎవరి కుక్క కోసం, ఎవరు ఇంత పాటుపడుతున్నారని నాకు సిగ్గుగా ఉండేది. కుక్క గాలి తగిలినా తడబడే మనిషి, రోజూ దాని ఎదురుగా కూర్చుంటోంది.

దానయ్య రావలసిన వారంలోనే ఖుర్షిదా పురుటికి పుట్టింటికి వచ్చింది. ఆ సాయంత్రం నేను పని నుంచి వచ్చి, సమ్సోనును కట్టే ముందు కాళ్ళు కడుక్కుంటున్నాను. ఖుర్షిదాకు మా పద్ధతులేమీ తెలియవు. తన కుందేళ్ళను చూసిన సంతోషంలో గూటి తలుపు తీసింది. షక్కర్ గెంతి పెరట్లోకి పరుగెత్తింది.

పరుగు చూడగానే సమ్సోను దూకింది. నా పిలుపు దానికి వినపడలేదు. కుందేలు తూములోకి దూరింది. కుక్క ఒక మూతి దగ్గర తలపెట్టి, రెండో మూతి వైపు తిరిగేలోపు అక్క అడ్డంగా వచ్చి రెండు చేతులతో దాని మెడ పట్టుకుంది. అది గింజుకుంది. ఆమె నేల మీద కూలబడింది గాని చెయ్యి వదల్లేదు. నేను తాడు తగిలించాక గాని వదల్లేదు.

చీర నిండా మట్టి, కుక్క చొంగ. ఆమె ముందు తూములో చెయ్యి పెట్టి షక్కరును బయటికి తీసి, ఒళ్ళంతా తడిమి చూసింది. దెబ్బేమీ లేదు. గుండె మాత్రం అదురుతోంది. దాన్ని ఖుర్షిదా చేతికిచ్చి, స్నానానికి పోయింది. ఆ పూట నమాజు ఆలస్యమైంది. నేను గదిలో సమ్సోను గిన్నె కడిగి మూట కట్టాను.

ఆదివారం దానయ్య తాడు తీసుకుని వచ్చాడు. గుమ్మంలోనే అక్క ఆపింది.

"ఏమయ్యా, దడి కట్టడం వచ్చా?"

"వచ్చమ్మా. నేను కుక్క కోసం వచ్చాను."

"కుక్క ఎక్కడికీ పోదు. తప్పు దానిది కాదు, నాది. తాడునీ తలుపునీ నమ్ముకుని కూర్చున్నా. పెరడు మధ్యన దడి కట్టు."

దానయ్య నా మొహం చూశాడు. "సందు చివర పత్తికట్టె మోపులున్నాయి, తెస్తాను" అన్నాడు.

"పత్తికట్టె వద్దు. మందు కొట్టిన కట్టె, అవి కొరుకుతాయి. కందికట్టె తే."

అతను తెచ్చి పాతుతుంటే నేను కట్టెలు అందించాను. "వదినా, కుక్కను తీసుకుపోదామని వస్తే మీ అక్క నన్ను కూలికి పెట్టింది" అని గొణిగాడు. మధ్యాహ్నం అతనికి కూర కలిపి అన్నం పెట్టింది అక్క. తిన్నాక ఇంకో వరస వేయించింది. అడుగున సందు లేకుండా మట్టి దట్టించమంది. ఎవరో ఒకరు దగ్గర లేకుండా దడికి పెట్టిన తడిక తలుపు తియ్యకూడదని ఖుర్షిదాకు చెప్పింది, నాకు చెప్పింది, దానయ్యకు కూడా చెప్పింది.

కుందేళ్ళను అటు వదిలాం. అవి కాసేపు తూములో ఉండి, మెల్లగా వచ్చి దడి మొదట్లో గడ్డి కొరకసాగాయి. ఇటువైపు సమ్సోను వచ్చి వాసన చూసి, నా వైపు తల తిప్పింది. నేను రొట్టెముక్క పెట్టాను. అది దడి నీడన పడుకుంది.

అక్క దడిని చేత్తో ఊపి చూసింది.

"రేపు నువ్వు పనికి పోయే రోజేగా" అంది. "తాడు వద్దులే ఇక. ఎండ ఎక్కువగా ఉంది. వీడికి ఇటువైపు నీళ్ళు నేను పోస్తాను."

నేను తలూపి, మూట విప్పి సమ్సోను గిన్నె తెచ్చి దడికి ఇటువైపు పెట్టాను.