మెట్ల పక్క కుర్చీ

ఆ హాల్లో ముందు వరస టికెట్లు కొనేవాళ్లు మధ్యాహ్నమే వచ్చి కుర్చీలు చూసుకుంటారు. సాయంత్రం జరగబోయే కచేరీ, కూర్చున్నవాళ్లకి కుర్చీలో అప్పుడే వినిపిస్తుంది. పుచ్చకాయ కొనేముందు తట్టి చూసినట్టే.

ఆ రోజు ఒక అత్తాకోడళ్లు వచ్చారు. అత్తగారు దర్జీ. ఏదీ ఒక పట్టాన నచ్చదు. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది.

"ఇందులో డోలు చెవిలోనే మోగుతోంది," అంటూ లేచింది అత్తగారు. "ఇందులో పక్కనెవరో ఒకటే దగ్గు!"

మధ్య కుర్చీలో కూర్చోగానే ఆవిడ నోరు మూతపడింది. ఆ కుర్చీలో, రెండో పాట సగంలో గాయని గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. గుసగుసలు. తర్వాత ఇంకో గొంతు అందుకుంది. వంటింట్లో కుళాయి తిప్పి ఉన్నప్పుడే వినపడే కోడలి గొంతు అది. పెళ్లయ్యాక కోడల్ని పాట మానమని ఎవరూ అనలేదు. పాడమనీ అనలేదు.

"నాకిది చాలు," అంది అత్తగారు. "నువ్వు ఆ చివరిది తీసుకో, స్టేజీ మెట్ల పక్కది."

"అక్కణ్ణుంచి గాయని వీపే కనిపిస్తుంది అత్తయ్యా!"

"చూడ్డానికొచ్చావా, వినడానికొచ్చావా?"

కోడలు కూర్చుని చూసింది. "ఇది రెండో పాటలోనే ఆగిపోతోందే!"

"అందులో కూర్చునేవాళ్లు మధ్యలో లేచిపోతారు కాబోలు," అన్నాడు సీట్లు చూపించే మనిషి.

సాయంత్రం రెండో పాటలో గాయని గొంతు నిజంగానే పోయింది. "ఈ పాట వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా?" అని బొంగురుగా అడిగి నవ్వబోయింది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలికి ప్రతి చరణమూ వచ్చు. తల దించుకుని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

ఆ కుర్చీలు ఎన్నడూ అబద్ధమాడలేదు. అలాగని ఎవర్నీ చెయ్యి పట్టుకుని లేపనూ లేదు. అత్తగారే లేచి నిలబడింది.

"మా కోడలికి వచ్చు!"

హాలంతా తిరిగి చూసింది. ఇక చేసేది లేక కోడలు మెట్లెక్కింది. మొదటి మాట ఊపిరిలా వచ్చింది. రెండో చరణానికి డోలు ఆమె వెంట నడిచింది. కచేరీ చివరిదాకా ఆమే పాడింది.

జనం వెళ్లాక గాయని ఆమె చెయ్యి పట్టుకుంది. "నాతో కలిసి పాడే మనిషి కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాను," అంది బొంగురుగా. "రేపు రిహార్సల్‌కి వస్తావా?"

కోడలు అత్తగారి వైపు చూసింది.

"నన్ను చూస్తావేమిటే? అడిగింది ఆవిడ."

"వస్తానండి," అంది కోడలు, ఖాళీ హాలు చివరిదాకా వినపడేలా.