రెండు కవర్లు

పదకొండేళ్లుగా ఆ భార్యాభర్తలు మెమరీ కార్డులు కొనేది ఆ కెమెరాల దుకాణంలోనే. షూటింగు అతనిది. కార్డులు ఎంచడం, నిండినవి కంప్యూటర్లోకి దించడం, ఎడిటింగు ఆమెవి. దుకాణం యజమాని ఆమెను చెల్లెమ్మా అనేవాడు, ఆ వరసన అతన్ని బావగారూ అని పిలిచేవాడు.

విడాకుల కాగితాల మీద సంతకాలు పోయిన నెలలోనే అయిపోయాయి. పోట్లాడుకునే ఓపిక కూడా ఇద్దరిలో అడుగంటాక చేసిన సంతకాలవి. పెద్ద కెమెరా అతనికి వచ్చింది. చిన్న కెమెరా, కంప్యూటరు ఆమెకు. పాత కార్డులు మాత్రం ఎవరూ అడగలేదు. ఆఖరి ప్రోగ్రాంలో రెండు మొరాయించాయి, మిగతావీ ఆ ఈడువే.

"నాకు వీటి తలా తోకా తెలీదు. ఒక్కసారి దుకాణానికి వస్తావా?" అని అతను ఫోన్ చేశాడు. రానని చెప్పడానికి ఆమెకు కారణమేమీ తోచలేదు. వెళ్లింది.

"రండి బావగారూ, ఈసారి ఏం తీస్తున్నారు?" అంటూ యజమాని కార్డుల ట్రే బల్ల మీద పెట్టాడు.

"డాన్సు ప్రోగ్రాం. మూడు గంటలు." అతను అన్నిటికన్నా మెరిసేది చేతిలోకి తీసుకున్నాడు. "ఇది చూడు, మూడు వందలని ఎంత పెద్దగా వేశాడో. చవక కూడానూ."

ఆమె దాన్ని తిప్పి చూసింది. "పైన పటారం, లోన లొటారం. ఆ మూడు వందలు కార్డులోంచి చదివే వేగం. మనక్కావలసింది రాసే వేగం. మీ కెమెరా సెకనుకు యాభై మెగాబైట్లు ఆపకుండా పోస్తుంది. కార్డు అందుకోలేకపోతే రికార్డింగు మధ్యలో ఆగిపోతుంది. వి అరవై అని రాసి ఉన్నది తీసుకోండి. అది అరవైకి తగ్గదు."

"అయితే పెద్దది ఒకటి చాలదూ?"

"అది పోతే అంతా పోయినట్టే. రెండు వందల యాభై ఆరు జీబీవి ఆరు తీసుకోండి. రెండు స్లాట్లలోనూ ఒకేసారి రికార్డయ్యేట్టు పెట్టండి. గంటా పావుకొకసారి రెండూ మార్చండి."

తన గొంతు ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు వినిపించింది ఆమెకు. తన కోసం వి ముప్పైవి రెండు తీసుకుంది. నర్సింగు కాలేజీలో పాఠాలు వీడియో తీసే పని ఒప్పుకుంది, దానికి అవి చాలు.

"చెల్లెమ్మ కూడా కెమెరా పట్టిందన్నమాట. ఇక బావగారి పని అయిపోయినట్టే," అని నవ్వుతూ యజమాని అన్నీ ఒకే కవరులో వేయబోయాడు.

"వేరువేరుగా వేయండి అన్నయ్యా."

"ఎందుకమ్మా? వెళ్లేది ఒకే ఇంటికేగా."

అతను ట్రేలో కార్డులు సర్దసాగాడు. ఆమే చెప్పింది. "కాదన్నయ్యా. రెండిళ్లకి."

యజమాని నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సొరుగులోంచి ఇంకో కవరు తీశాడు. దాని మూతి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆరు కార్డులున్నది అతనికి అందిస్తూ, "ఇదిగోండి సార్," అన్నాడు.

ఆ పిలుపుకు అతని మొహం పాలిపోవడం ఆమె చూసింది. జాలి కలగలేదు, తృప్తీ కలగలేదు. పళ్ల డాక్టరు మత్తు సూది వేశాక బుగ్గను తడుముకుంటే, అది తనది కానట్టుంటుందే, అలా ఉంది.

బయటికొచ్చాక అతను అడిగాడు. "ఫార్మాట్ కంప్యూటర్లో చేయనా?"

"వద్దు. కెమెరాలోనే చేయండి. నిండినవీ ఖాళీవీ ఒకే జేబులో వేయకండి."

"సరే."

తల ఊపి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఆమె కాలేజీలో కట్టు కట్టే పాఠం తీసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నది, బయటికొచ్చేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు. సాయంత్రం అతని మెసేజి వచ్చింది. 'ప్రోగ్రాం అంతా వచ్చింది. ఎక్కడా ఆగలేదు.' ఆమె 'మంచిది' అని కొట్టి, పాఠాన్ని కంప్యూటర్లోకి దించుకుంది.

అది సగం దిగేసరికి ఫోన్ మోగింది. దుకాణం యజమాని.

"కార్డులు బాగున్నాయా చెల్లెమ్మా?"

"బాగున్నాయన్నయ్యా."

ఆయన వెంటనే ఫోన్ పెట్టేయలేదు. "ఏమైనా తిన్నావా?"

ఆమె ఆలోచించుకోవలసి వచ్చింది. "పొద్దున తిన్నాననుకుంటా. తర్వాత లేదు."

"తిను మరి. నేను ఫోన్లోనే ఉంటాలే. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టి, లేచి, పొయ్యి వెలిగించింది.