బావ వ్యాన్‌లో పోసింది

మెకానిక్ కుడిచెయ్యి షెడ్డు బల్లకు బిగించిన వైస్ ఇనుప దవడల మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని బిగించే పిడి పట్టుకున్నవాడు స్వయానా అక్క మొగుడు. ఇంజన్ ఆయిల్లో కలిపితే మైలేజీ పెరుగుతుందంటూ మందు సీసాలమ్మే డీలరు. అది శుద్ధ దండగని మెకానిక్ డ్రైవర్లకు చెప్పడంతో అతని అమ్మకాలు పడిపోయాయి.

"బయట డ్రైవర్లున్నారు. మైలేజీ పెరుగుతుందని వాళ్లకు చెప్తావా, చెయ్యి వదులుకుంటావా?" అంటూ బావ పిడి తిప్పాడు.

వేళ్లు చితుకుతుంటే మెకానిక్ కళ్లు బైర్లు కమ్మాయి. "పెరుగుతుంది బావా! మందు పోయించుకున్నవాడు ఎంత పెరిగిందో చూద్దామని మెల్లగా తోలతాడు. అందుకే పెరుగుతుంది."

"నా వ్యాన్‌కి పెరిగింది కదరా! నేనెప్పుడు మెల్లగా తోలాను?"

"పరీక్షిద్దామని నీ సీసాలో మందు పారబోసి మామూలు ఆయిలే నింపాను. అది పోయించుకుని, మైలేజీ పెరిగిందని నువ్వే ఊరంతా డప్పు కొట్టావు."

బావ ముఖం మాడిపోయింది. పళ్లు కొరుకుతూ బలమంతా పెట్టి తిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు మెకానిక్ కేకలో కలిసిపోయింది.

ఆ మాటలు, ఆ కేక విన్న డ్రైవర్లు తలుపు తోసుకుని వచ్చారు. ఒకడు బావ దవడ పగలగొట్టాడు. ఇంకొకడు వైస్ వదులు చేసి, నెత్తురోడుతున్న చేతికి గుడ్డ చుడుతూ, "ఆ ఒక్కమాట అనేస్తే పోయేది కదన్నా!" అన్నాడు.

"అంటే రేపు నా షెడ్డుకు ఎవడొస్తాడ్రా? చెయ్యుండి ఏం చేసుకోను?" అన్నాడు మెకానిక్.